అమెరికా తొలి చరిత్ర – ఆదిలాబాదు విద్యార్థి

డిగ్రీ తరగతులలో చరిత్రను పాఠ్యాంశముగ తీసికొన్న విద్యార్థికి అమెరికా సంయుక్త రాష్ట్రముల పుట్టుపూర్వోత్తరములు ఏదో ఒక సంవత్సరమున ఎదురగుచునే యుండును. కరీంనగరములోనైనను, జగిత్యాలలోనైనను, మంచిర్యాల, ఆదిలాబాదులలోనైనను ఆ పాఠము నడచు తీరు ఇంచుమించు ఒక్కటియే. 1492లో కొలంబసు, 1607లో జేమ్స్‌టౌను, 1620లో మేఫ్లవరు నౌక, పదమూడు వలసలు, 1765లో స్టాంపు చట్టము, 1773లో బోస్టను రేవులో తేయాకు, 1776లో స్వాతంత్ర్య ప్రకటనము. ఈ సంవత్సరముల వరుసను కంఠస్థము చేసినవాడు పరీక్షలో గట్టెక్కును, మరునాటికి మరచిపోవును. అది సముద్రముల కావలి కథ, మనకేమి సంబంధమని అడుగు విద్యార్థులు అరుదు. అడిగినచో మంచి ప్రశ్నయే యగును.

మాకు తోచినంతవరకు దీనికి సమాధానము పాఠ్యగ్రంథములోకన్న మన జిల్లాల భూముల కాగితములలో హెచ్చుగ దొరకును. అమెరికా తొలి చరిత్రలో నూరింట తొంబది పాళ్లు భూమి చరిత్ర. భూమిని దున్నుచున్నవాడెవడు, దానిపై కాగితము పుట్టించినవాడెవడు, ఈ ఇద్దరిలో చివరకు గెలిచినవాడెవడు అన్నదే దాని సారము. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతములనుండి కళాశాలలకు వచ్చుచున్న గోండు, కోలాము, నాయకపోడు కుటుంబముల బిడ్డలకు ఈ ప్రశ్నను ఎవరును క్రొత్తగ నేర్పనక్కరలేదు.

మొదట ఆరంభమును గూర్చి ఒక మాట. కరీంనగరము జిల్లా చరిత్ర 1611లో ఆంగ్లేయుల గ్లోబు నౌక మచిలీపట్నము రేవునకు వచ్చిన దినమున ప్రారంభమైనదని ఎవరైన వ్రాసినచో మన విద్యార్థులు నవ్వుదురు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల తొలినాటి నాణెములు దొరకినవి గదా, వేములవాడలో చాళుక్యులు ఏలిరి గదా అని వెంటనే అందురు. ఆ విద్యార్థులే అమెరికా చరిత్ర 1492లో మొదలైనదన్న వాక్యమును మాత్రము తడబడక వ్రాయుదురు. మిసిసిపి నది తీరమున, నేటి సెయింట్ లూయీ నగరమునకు ఎదురుగ, కహోకియా అను పెద్ద పట్టణ మొకటి యుండెను. అది మహోన్నత దశలో నున్నది సుమారు 1050 మొదలు 1200 వరకు. అనగా ఇక్కడ కాకతీయులు అనుమకొండలో బలపడుచున్న కాలము. అచ్చటివారు తట్టలతో మన్ను మోసి పోసిన దిబ్బలలో పెద్దది నేటికిని నూరడుగుల ఎత్తున నిలిచియున్నది. ఇది చదివిన పిమ్మట 'కనుగొనుట' అన్న పదమును వాడుటకు కలము కొంచెము వెనుకాడవలెను.

పేరుల సంగతియు అట్టిదే. తాను చేరినది ఆసియా తీరమని కొలంబసు భ్రమపడుటచే అచ్చటివారికి ఇండియనులన్న పేరు వచ్చినది. ఆ భ్రమకు రంగు పూసి మన తెలుగు పుస్తకములు చాలకాలము 'ఎఱ్ఱ ఇండియనులు' అని వ్రాసినవి. వారికి తమ తమ పేర్లున్నవి: పౌహటనులు, వాంపనోగులు, నరగాన్సెట్టులు. మన ఆదిలాబాదులోను గోండులన్నది ఇతరులు పెట్టిన పేరే. వారు తమను కోయతూరులని చెప్పుకొందురు.

ఇక కాగితముల విషయము. 1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి ఈస్టిండియా కంపెనీకి సనదు నిచ్చెను. 1606 ఏప్రిలులో ఆమె తరువాతి రాజు మొదటి జేమ్సు వర్జీనియా వలసకు సనదు నిచ్చెను. ఈ రెండు వ్యాపారములలోను ఒక్క మనిషి పేరు కనబడును. సర్ థామస్ స్మైత్ అను లండను వర్తకుడు ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరు. అతడే 1609 మొదలు 1619 వరకు వర్జీనియా కంపెనీకి కోశాధికారి, అనగా దానికిని పెద్ద. ఒకే నగరము, ఒకే వర్తక సమాజము, ఒకే తరము. కాని తూర్పునకు పోయిన ఓడకు దొరకిన కాగితము ఒక తీరుది, పడమరకు పోయిన ఓడ చేతిలోని కాగితము మరొక తీరుది. ఈ తేడాను గట్టిగ పట్టుకొన్న విద్యార్థికి తక్కిన పాఠమంతయు సులభమగును.

వర్జీనియా సనదులో జేమ్సు రాజు ఉత్తర అక్షాంశము 34వ డిగ్రీ మొదలు 45వ డిగ్రీ వరకు గల తీరమును తన ప్రజలకు వ్రాసియిచ్చెను. తాను చూడని నేల. తన ఏలుబడిలో లేని నేల. క్రైస్తవ ప్రభువు గాని క్రైస్తవ ప్రజలు గాని స్వాధీనము చేసికొనని భూములన్న షరతు ఒకటి అందులో కలదు. ఈ షరతు వినుటకు చిన్నది. కాని ముప్పదికి పైగ తెగలపై పెత్తనము చేయుచు, మక్కలు పండించుచు, కప్పము గైకొనుచు ఆ తీరముననే యున్న పౌహటను నాయకుడు ఆ ఒక్క మాటతో లెక్కలోనుండి తొలగిపోయెను. 1607 మే నెలలో నూరుమందికి పైగ ఆంగ్లేయులు జేమ్స్‌టౌనులో దిగునప్పటికే వారి దృష్టిలో ఆ నేలకు హక్కుదారులు వారు.

నాలుగేండ్లకు మచిలీపట్నము చేరిన గ్లోబు నౌకలోని వర్తకులకు అట్టి వీలు లేదు. ఇది గోలకొండ రాజ్యము. మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుచుండెను. ఇక్కడ రేవునకు హవల్దారుండెను, సుంకమునకు రేటుండెను, గ్రామమునకు లెక్క యుండెను. మన ఎలగందుల కోట ఆ రాజ్యములోనిదే. కంపెనీవారు అనుమతి కోరి, కానుకలిచ్చి, అధికారులతో తగవులాడి, చివరకు 1632లో అబ్దుల్లా కుతుబ్‌షానుండి ప్రసిద్ధమైన బంగారు ఫర్మానాను సంపాదించిరి. దానిప్రకారము ఏటికి 500 హొన్నులు సుంకముగ చెల్లించి రాజ్యపు రేవులలో వ్యాపారము చేసికొనవచ్చును. అక్కడ పరాయి రాజు పరాయి నేలను వ్రాసియిచ్చెను. ఇక్కడ నేల గల రాజు పరాయివారికి అనుమతిని వ్రాసియిచ్చెను. కాగితము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో చూడవలెను.

ఈ తేడాకు ఆంగ్లేయుల సాహసమో, అమెరికా వాసుల అమాయకత్వమో కారణమని పాత పుస్తకములు సూచించుచుండెడివి. అంతకన్న పెద్ద కారణము రోగము. మశూచి, తట్టువంటి వ్యాధులకు ఆసియావాసుల శరీరములు తరతరములుగ అలవాటుపడినవి. అమెరికా ఖండములవారికి ఆ అలవాటు లేదు. ఐరోపా నావికుల వెంట వచ్చిన అంటురోగము 1616 మొదలు 1619 వరకు న్యూ ఇంగ్లండు తీరమును ఊడ్చివేసెను. మేఫ్లవరు యాత్రికులు 1620లో ప్లిమత్తని పేరుపెట్టుకొన్న చోటు నిర్జనారణ్యము కాదు. అది పటక్సెట్టను గ్రామము; జనమంతయు చచ్చిపోగా పొలములు మాత్రము మిగిలినవి. ఆ గ్రామమువాడొకడు, స్క్వాంటో అనునాతడు, అంతకు పూర్వమే ఐరోపాకు బందీగ కొనిపోబడినందున బ్రదికియుండెను. తిరిగి వచ్చి, తన ఊరి శ్మశానముపై ఇండ్లు కట్టుకొన్న ఆ క్రొత్తవారికి, కుదురుకొక చేపను ఎరువుగ పెట్టి మక్కలు విత్తుట నేర్పెను. ఆ గింజలే నేడు జగిత్యాల, కరీంనగరము చేలలో మనము పండించుచున్న మక్కలు. మిరప, సీతాఫలము, జామ కూడ ఆ ఖండములనుండి పోర్చుగీసువారి కాలములో మనకు వచ్చినవే. ఆదిలాబాదు నల్లరేగడిలో నేడు విరివిగ వేయుచున్న పత్తి సైతము మన పూర్వపు గావరాని జాతి కాదు, అమెరికా జాతికి చెందినది. విద్యార్థి ఈ పాఠమునకు దూరమైనవాడేమియు కాడు. దినమున రెండు పూటలు దానిని భుజించుచున్నాడు.

అయితే రోగము తరువాతను మనుష్యులు మిగిలియుండిరి. వారి నేలను పుచ్చుకొనుటకు ఒక వాదము కావలసివచ్చెను. మసాచుసెట్సు వలసకు నాయకుడైన జాన్ విన్‌త్రాప్ 1629లో ఆ వాదమును సమకూర్చెను. ఈ ప్రజలు నేలకు కంచె వేయలేదు, స్థిరనివాసము లేదు, దున్నుటకు పశువులు లేవు. కనుక వారికి సహజమైన అనుభవ హక్కే తప్ప చట్టబద్ధమైన హక్కు లేదు, వారికి చాలినంత విడిచి మిగిలినది మనము తీసికొనవచ్చును అని ఆయన భావము. వాంపనోగులు కొన్నేండ్లు ఒక చోట సేద్యము చేసి, నేల అలసినప్పుడు దానిని బీడుపెట్టి మరియొక చోటికి పోయెడివారు. బీడుపడిన నేల విన్‌త్రాప్ కంటికి ఎవరిదియు కాని నేలగ కనబడెను.

ఈ వాక్యమును ఉట్నూరు కొండలలో ఎవరికైన చదివి వినిపించినచో వారికి పరిచితముగనే యుండును. ఆదిలాబాదు పీఠభూమిపై తేలిక నేలలను గోండులు కొన్నేండ్లు దున్ని, కొన్నేండ్లు బీడుపెట్టి, గ్రామమును సైతము కదిలించుకొనెడివారు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి రిజర్వు చేసినప్పుడు, ఆ సమయమున బీడుగ నున్న పొలములు అడవిలో కలిసిపోయినవి. పట్టాలు పుట్టించుకొనుట తెలిసిన మైదానపు రైతులు, షావుకార్లు మంచి నేలలకు హక్కుదారులైరి. ఎవరి తాతలు ఆ నేలను నరికి చదును చేసిరో వారు తమ పొలములోనే నేరస్థులైరి. పోడు కొట్టినందుకు జరిమానా, పశువులను మేపినందుకు పన్ను. ఈ స్థితిని 1941నుండి మార్లవాయిలో నివసించుచు పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ తన వ్రాతలలో సవిస్తరముగ నమోదు చేసెను.

ఆయన అక్కడికి వచ్చుటకు వెనుక జోడేఘాట్ ఉన్నది. భూమి, అడవి, నీటిపై హక్కుకై గోండులను, కోలాములను కూడగట్టిన కుమురం భీము 1940లో అచ్చట నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ తిరుగుబాటు ఎందుకు పుట్టినదో తెలిసికొనవలసిన అవసరము ప్రభుత్వమునకు అప్పుడు కలిగెను. అమెరికాలో ఇట్టి ఘట్టము చాల ముందే జరిగెను. ప్లిమత్తువారికి ఆశ్రయమిచ్చి 1621లో సంధి చేసికొన్న మసాసోయిట్ కుమారుడు మెటకామ్. ఆంగ్లేయులు అతనిని ఫిలిప్ రాజనిరి. తండ్రి నాటి సంధి ఉండగనే నేల తరిగి తరిగి పోవుట చూచి అతడు 1675లో యుద్ధమునకు దిగెను. 1676 ఆగస్టులో చంపబడెను. అతని తల ప్లిమత్తులో గుంజపై చాల ఏండ్లు వ్రేలాడెను. భార్యను, కుమారుని వెస్టిండీసు దీవులకు బానిసలుగ అమ్మిరి.

ఈ రెంటిని ఒకే తక్కెడలో తూచుట మా ఉద్దేశము కాదు. మెటకామ్ యుద్ధము రెండు సమాజములను చాలవరకు నాశనము చేసిన మహాసంగ్రామము. జోడేఘాట్ ఒక కొండలోయలో జరిగినది. ఆదిలాబాదులో తిరుగుబాటు తరువాత విచారణకు వచ్చిరి. హైమెన్‌డార్ఫ్ సిఫారసులపై గోండులకు పట్టాలు పంచుట ప్రారంభమైనది. 1943లో మార్లవాయిలో గోండి భాషలో ఉపాధ్యాయ శిక్షణయు మొదలైనది. అమెరికాలోను ఎదురు చెప్పినవాడు పూర్తిగ లేకపోలేదు. రోజర్ విలియమ్స్ అను మతబోధకుడు, రాజునకు ఇండియనుల నేలను దానము చేయు అధికారము లేదని, వారినుండి కొనుటయే న్యాయమని వాదించెను. తక్కిన అభిప్రాయములతో పాటు ఈ వాదమునకును 1635లో మసాచుసెట్సునుండి బహిష్కారము ఫలితమైనది. ఆయన నరగాన్సెట్టులనుండి నేలను పొంది ప్రావిడెన్సు పట్టణమును నెలకొల్పెను. వారి భాష నేర్చి 1643లో దానిపై పుస్తకమును ప్రచురించెను. పరీక్షలో విలియమ్సు మతస్వేచ్ఛకు మాత్రమే జ్ఞాపకము వచ్చును. సగము మనిషిని చదువుట ఇట్లే యుండును.

ఇప్పుడు 1763 సంవత్సరము. ఆ అక్టోబరు 7వ తేదీన మూడవ జార్జి రాజు ఒక ప్రకటన చేసెను. అప్పలేచియన్ పర్వతములకు పడమటి భూములు ఇండియనులకు ప్రత్యేకింపబడినవి; అచ్చట వలసవారు స్థిరపడరాదు; ఇండియనులనుండి భూమిని వ్యక్తులు సొంతముగ కొనరాదు. పాఠ్యగ్రంథములలో ఇది వలసవారి ఫిర్యాదుల పట్టికలో ఒక అంకెగ కనబడును: 'పడమటి విస్తరణకు అడ్డు.' రాజు దయార్ద్రహృదయుడని మేము చెప్పుట లేదు. సరిహద్దు యుద్ధముల ఖర్చు అతనికి బరువైనది. అయినను ఆదిలాబాదు విద్యార్థి ఈ అంకెను మరొక వైపునుండి చదువగలడు. ఆంధ్ర షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండ 1959లో చేసిన నిబంధన 1963లో తెలంగాణమునకు విస్తరింపబడినది. 1970 నాటి సవరణ, జనుల నోట 'ఒకటి బై డెబ్బది' అనబడునది, ఇంకను ముందుకు పోయి, అచ్చట గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, వేరుగ ఋజువు చేయనంతవరకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపవలెనని చెప్పినది. ఒకరికి అడ్డు అయినది మరొకరికి ఆనకట్ట.

ఆనకట్టకు గండ్లు ఎట్లు పడునో కూడ ఆ పాఠములో ఉన్నది. జార్జి వాషింగ్టను 1767లో తన భూములను చూచిపెట్టు సర్వేయరునకు ఒక ఉత్తరము వ్రాసెను. ఈ ప్రకటన ఇండియనులను నెమ్మదిపరచుటకు చేసిన తాత్కాలికపు ఏర్పాటు మాత్రమే, కొన్నేండ్లలో ఇది పోవును, మంచి భూములను ఇప్పుడే రహస్యముగ గుర్తుపెట్టుకొననివాడు తరువాత విచారించును అని దాని సారాంశము. మహాపురుషుని చిన్నబుచ్చుటకు ఈ మాట ఎత్తలేదు. ఏజెన్సీలో బినామీ పేర్ల మీద పహాణీలు వ్రాయించిన సంగతి ఎరిగినవారికి ఈ ఉత్తరము వేరే వ్యాఖ్యానము లేకుండ అర్థమగును. తొమ్మిదేండ్లకు వెలువడిన స్వాతంత్ర్య ప్రకటనలో మనుష్యులందరు సమానులన్న మాటతో పాటు, రాజు క్రొత్త భూముల పంపకమునకు అడ్డుపడుచున్నాడన్న ఆరోపణయు, ఇండియనులను దయలేని అనాగరికులుగ చిత్రించిన వాక్యమును కలవు. రెండవ భాగమును తరగతిలో చదువువారు తక్కువ.

తేయాకు సంగతి అందరికిని తెలిసినదే గనుక క్లుప్తముగ చెప్పుదుము. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టను రేవులో నీటిపాలైన 342 పెట్టెలు ఈస్టిండియా కంపెనీవి, సరుకు చైనాది. 1770 నాటి ఘోరమైన కరవు బెంగాలును పీల్చిన తరువాత దివాలా అంచునకు వచ్చిన కంపెనీని ఒడ్డునకు చేర్చుటకు చేసిన చట్టము దానికి మూలము. అమెరికాలో స్టాంపు చట్టము వచ్చిన 1765లోనే, ఇక్కడ ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చుచున్నట్లు మొగలు చక్రవర్తి షా ఆలము ఫర్మానా వ్రాసెను. అప్పటికి ఆ సర్కారులు నిజాము పాలనకు చెందినవి. జేమ్సు రాజు సనదువంటి కాగితము తూర్పున కూడ పుట్టినదన్నమాట. మరుసటి ఏట నిజాము అలీఖాను ఒడంబడికకు తలయొగ్గెను. 1781లో యార్కుటౌనులో ఓడిన కారన్‌వాలిసు ఐదేండ్లకు మనకు గవర్నరు జనరలుగ వచ్చి, 1790లో నిజామును కూడ గలుపుకొని టిప్పుపై యుద్ధము చేసెను. 1793లో బెంగాలు భూములకు శాశ్వత పరిష్కారమను కాగితమును వ్రాసెను. అక్కడ కోల్పోయిన పలుకుబడిని ఇక్కడ సంపాదించుకొన్న పెద్దమనిషి.

1619లో వర్జీనియా పొగాకు తోటలకు ఆఫ్రికను బందీలు తొలిసారి వచ్చిరి. ఆ ఏడే అచ్చట తొలి శాసనసభ కూడినది. ఈ రెంటిని వేర్వేరు పాఠములుగ చెప్పుట మాకు సమ్మతము కాదు. కాని దానికి వేరొక ప్రసంగమే కావలెను.

మన ప్రాంతమున ఈ చదువు ఎన్ని భాషలు మారినదో ఆలోచించినచో ఆశ్చర్యము కలుగును. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో ప్రపంచ చరిత్ర ఉర్దూలో నడచినది. అందుకై ఒక అనువాద సంస్థయే యుండెను. తరువాత ఆంగ్లము వచ్చినది. కరీంనగరములో శ్రీ రాజరాజేశ్వర కళాశాల 1956లో వెలసెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ పుస్తకములను తెలుగులోనికి తెచ్చెను. కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో, శాతవాహన 2008లో వచ్చినవి. ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రిసెర్చి సెంటరు నెలకొల్పబడి అమెరికా చరిత్ర గ్రంథములను రాసులుగ సేకరించినది. ఇన్ని జరిగినను, ఈ పాఠమును గోండిలో వినిన విద్యార్థి ఉన్నాడా యని అడిగినచో సమాధానము చెప్పుట కష్టము.

తరగతిలో చేయదగిన పని యొకటి కలదు. 1606 సనదులోని ఆ ఒక్క షరతును, 1632 ఫర్మానాను, 1763 ప్రకటనను, 1970 సవరణను నాలుగు కాగితముల మీద తెలుగులో వ్రాసి, సంవత్సరములు చెరిపి, విద్యార్థుల ముందుంచి, 'వ్రాసినవాడెవడు? ఎవరికి వ్రాసెను? నేల అప్పుడు ఎవరి అనుభవములో నున్నది?' అని అడుగవలెను. జవాబులు కరీంనగరము బల్లలనుండి ఒక తీరుగ, ఉట్నూరు బల్లలనుండి మరొక తీరుగ రావచ్చును. రానిండు.

కాగితము ఎల్లప్పుడు గెలిచినవాని చేతిలోనిదే యను అభిప్రాయమును కూడ విద్యార్థి సవరించుకొనవలసియుండును. జాన్ ఎలియట్ మసాచుసెట్సు ఇండియనుల భాషలోనికి అనువదించిన బైబిలు 1663లో అచ్చయినది. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిలు అదియే. అక్షరములు నేర్చిన వాంపనోగులు తమ భాషలో వీలునామాలు, భూమి దస్తావేజులు వ్రాసికొనిరి. నూరేండ్లకు పైగ మాట్లాడువారు లేక మూగవోయిన ఆ భాషను వారి వారసులు 1993నుండి ఆ బైబిలును, ఆ దస్తావేజులను ఆధారముగ చేసికొని తిరిగి నేర్చుకొనుచున్నారు, పిల్లలకు చెప్పుచున్నారు.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములో గుంజాల యను గ్రామము కలదు. అచ్చట 2006 ప్రాంతమున గోండుల ఇండ్లలో పాత వ్రాతప్రతులు వెలుగులోనికి వచ్చినవి. దేవనాగరి కాదు, తెలుగు కాదు. వారి సొంత లిపి. అప్పటికి దానిని చదువగలిగినవారు ఆ ఊరి పెద్దలలో కొద్దిమంది మాత్రమే. వారు పిల్లలను కూర్చుండబెట్టి నేర్పిరి, వాచకములు అచ్చయినవి, 2018లో 'గుంజాల గోండి' యను పేరుతో ఆ అక్షరములు ప్రపంచ లిపుల పట్టికయైన యూనికోడులో చేరినవి.